భీష్ముడు పడ్డాడని ముందే చెప్పేస్తే

గాంధీ ఆస్పత్రి స్టేషన్ దాటిందో లేదో మా ఆవిడ ఫోన్ తీసింది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో దిగి సినిమాకి వెళ్తున్నాం. ముందు రోజే రిలీజైన సినిమా, కథంతా అప్పటికే ఎవరో నెట్‌లో పెట్టేశారు. తను తిన్నగా చివరి పేరాకి వెళ్లిపోయింది. ముషీరాబాద్ వచ్చేసరికి మొహం తేటపడింది. "హీరో చెల్లెలు చావదండీ. ఇంక హాయిగా చూడొచ్చు" అంది. చెవులు మూసుకునే లోపు నా చెవినా పడనే పడింది.

పాతికేళ్లుగా ఇదే వరస. నవల కొంటే చివరి పేజీ కొట్లోనే చదివేస్తుంది. వారపత్రికల్లో సీరియళ్లు వచ్చే రోజుల్లో "ఇంకా ఉంది" అన్న మాట చూస్తే తనకి జ్వరం వచ్చినంత పనయ్యేది. ముగింపు తెలిశాక ఇంకేం మిగులుతుందని నేను. తెలియకపోతే ఎలా చూస్తామని తను. ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి ఈసారి కొలతలు వెతికాను.

2011లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు 800 మందికి పైగా విద్యార్థులతో 12 చిన్న కథలు చదివించారు. ముగింపు ముందే చెప్పేసినా ఆనందం తగ్గకపోగా, సగటున కాస్త పెరిగింది. 2015లో జాన్సన్, రోసెన్‌బామ్ చేసిన పరిశోధనలో దీనికి అడ్డంగా వచ్చింది: ముగింపు తెలిసినవాళ్లు తక్కువ ఆనందించారు. అందరినీ ఒకే గాటన కట్టి సగటు తీస్తే మా ఆవిడా నేనూ కలిసి సున్నా అవుతాం. ఆ సగటుతో నాకు పని లేదు.

నన్ను పట్టుకున్నది కథలతో ఏమాత్రం సంబంధం లేని ఇంకో ప్రయోగం. 2016లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో 45 మందిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. తెర మీద రాళ్లు. ఒక్కో రాయి కింద పాముందో లేదో ఊహించి చెప్పాలి. పాముంటే మాత్రం చేతికి షాక్, ప్రమాదం లేదు గానీ నొప్పి నిజమే. పాముండే అవకాశాన్ని మారుస్తూ, వాళ్ల చెమటనీ కంటిపాప పెద్దదవడాన్నీ కొలిచారు. షాక్ తప్పదని తెలిసినప్పుడు టెన్షన్ ఎక్కువుంటుందని మీరు అనుకోవచ్చు. లేదు. ఉందో లేదో సరిగ్గా సగం సగం అన్నప్పుడే అది శిఖరానికి చేరింది. షాక్ ఖాయమన్నప్పటి కంటే కూడా ఎక్కువ.

ఇక్కడ నా పాత చాక్‌పీసు బుద్ధి ఊరుకోదు. అవునో కాదో తేలాల్సిన విషయంలో, 'అవును' అయ్యే అవకాశం p అనుకుంటే, అనిశ్చితికి ఒక కొలత p(1−p). p 0.5 అయితే అది 0.25, ఇంతకు మించి పెరగదు. 0.9 అయితే 0.09. 1 అయినా 0 అయినా సున్నా. అంటే చెడు కబురైనా సరే, తేలిపోతే ఈ బరువు దిగిపోతుంది. ఫలితాల రోజు పొద్దున్న పిల్లల మొహాలు చూసినవాళ్లకి ఇది కొత్త కాదు; ఫెయిలైనవాడు కూడా ఆ సాయంత్రానికి అన్నం తింటాడు. చిలక జోస్యం వ్యాపారమంతా ఆ 0.25 మీదే నడుస్తుంది. చిలక తీసిన కార్డుకి ఆధారం లేదు, మా ఆవిడ చదివిన పేరాకి ఉంది. తేడా అంతే.

సినిమా డైరెక్టర్ చేసేది మూడు గంటలూ చెల్లెలి p ని 0.5 దగ్గర వేలాడదీయడమే. దానికి డబ్బిచ్చి మరీ వెళ్లే రకం నేను. ఆ బరువు మోస్తూ మిగతాదేదీ చూడలేని రకం తను. అనిశ్చితిని మనిషి ఎంత ఓర్చుకోగలడో కొలవడానికి సైకాలజీలో 27 ప్రశ్నల పరీక్షే ఉంది. దాన్ని స్పాయిలర్లకి, అంటే ముగింపు ముందే చెప్పేసే కబుర్లకి, ముడిపెట్టడం మాత్రం నా సొంత ఊహ.

సరే, ఆ అనిశ్చితి సున్నా అయ్యాక మిగిలేదేమిటి? భీష్మపర్వం చూడండి. సంజయుడు యుద్ధభూమి నుంచి హడావిడిగా వచ్చి ధృతరాష్ట్రుడికి చెప్పే కబురు: భీష్ముడు పడిపోయాడు. అప్పటికి పది రోజుల యుద్ధం అయిపోయింది. ఎలా పడ్డాడో చెప్పమంటేనే మొదటి రోజు నుంచి కథ మొదలవుతుంది. భగవద్గీత వచ్చేదీ ఆ తర్వాతే! టీవీల పుణ్యమా అని దాన్ని లైవ్ కామెంటరీ అనుకుంటాం గానీ, "కిమకుర్వత సంజయ" అంటే "ఏం చేశారు" అని, "ఏం చేస్తున్నారు" అని కాదు. ద్రోణుడిదీ అంతే, కర్ణుడిదీ అంతే. ముందు చావు కబురు, వెనక కథ. వాల్మీకి అయితే మొదటి సర్గలోనే నారదుడి చేత రామాయణమంతా చెప్పించేశాడు.

భీష్ముడు పడతాడని తెలియనివాడికి శిఖండి వందమంది యోధుల్లో ఒకడు. తెలిసినవాడికి ఆ పేరు వినగానే ఒళ్లు జలదరిస్తుంది. ప్రతి రోజూ సాయంత్రం యుద్ధం ఆగినప్పుడు తెలియనివాడు "హమ్మయ్య" అనుకుంటాడు, తెలిసినవాడు రోజులు లెక్కపెడతాడు. పది, తొమ్మిది, ఎనిమిది. కథ అదే, అక్షరం మారలేదు, కానీ వివరాలన్నీ బరువెక్కాయి.

పాత సినిమాల రీరిలీజ్‌కి వెళ్లి చూడండి. కాయితం ముక్కలు హీరో వచ్చాక ఎగరవు. వచ్చే ముందే ఎగురుతాయి. 2011లో మాంట్రియల్‌లో సలింపూర్, జటోరె బృందం, మనుషులకి బాగా ఇష్టమైన సంగీతం వినిపిస్తూ మెదడుని స్కాన్ చేసింది. ఒళ్లు పులకరించే ఘట్టంలో, ఆనందంతో ముడిపడ్డ డోపమైన్ అనే రసాయనం మెదడులో న్యూక్లియస్ అకంబెన్స్ అనే చోట విడుదలైంది. దానికి కొన్ని సెకన్ల ముందు, ఇంకా ఎదురుచూస్తున్నప్పుడే, కాడేట్ అనే వేరే చోట విడుదలైంది. రాబోయేది తెలిసినవాడికే కదా ఈ ముందు వాయిదా!

మరి టెన్షన్ పూర్తిగా పోతుందా? పోదు, అదే తమాషా. జార్జి వాషింగ్టన్ తొలి అధ్యక్షుడని ప్రతి అమెరికన్‌కీ తెలుసు. ఆయన పదవి వద్దనేలా ఉన్నాడని ఉత్కంఠగా రాసిన ముక్క చదివించి, ఆయన తొలి అధ్యక్షుడయ్యాడన్నది నిజమేనా అని రిచర్డ్ గెరిగ్ అనే సైకాలజిస్టు 1989లో అడిగితే, జవాబు చెప్పడానికి వాళ్లకి మామూలు కంటే ఎక్కువ సమయం పట్టింది. కథలో మునిగినప్పుడు, తెలిసిన సంగతి కూడా వెంటనే చేతికి అందదన్నమాట.

హాల్లో లారీ బ్రేకుల చప్పుడు వినగానే మా ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "చావదన్నావుగా?" అన్నాను. "ఉండండీ" అంది కళ్లు తిప్పకుండా.

ఇంటర్వెల్‌లో సమోసా సగంలో ఉండగా నావల్ల కాలేదు. "చెల్లెలు సరే, మరి వాళ్ల నాన్న?" అన్నాను. తను టిష్యూతో చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసింది.