రాత్రిపూట ఫోన్ నోరు కట్టేయడం: అపోహలు - వాస్తవాలు

అమలాపురం గడియార స్తంభం దగ్గర మాది చిన్న సెల్ షాపు. పొద్దున్నే షట్టర్ ఎత్తగానే ఒకాయన వస్తాడు, "రాత్రంతా మోగుతూనే ఉందండి, సౌండ్ రాకుండా చెయ్యండి" అంటాడు. మధ్యాహ్నానికి ఒక పెద్దావిడ వస్తుంది. "మావాడు కువైట్ నుంచి చేశాడంట బాబూ, ఇది పలకలేదు. స్పీకర్ పోయిందేమో చూడు." స్పీకర్‌కు ఏమీ కాదు. వాళ్ళబ్బాయి డ్యూటీ దిగి రాత్రి పదింటికి చేస్తే మనకు పన్నెండున్నర. ఆ వేళకు ఆవిడ ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది.

అపోహ: సైలెంట్ అన్నా డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్) అన్నా ఒకటే.

కాదండి. సైలెంట్‌కు మనుషులతో పనిలేదు. లోన్ కావాలా అని అడిగేవాళ్ళూ, ఆస్పత్రిలో ఉన్న అత్తగారూ దానికి సమానమే. డీఎన్‌డీ అంటే గుమ్మంలో కాపలా మనిషిని కూర్చోబెట్టి, ఫలానావాళ్ళను లోపలికి పంపు అని చెప్పడం. ఫోన్ తెలుగులో ఉంటే 'అంతరాయం కలిగించవద్దు' అని కనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో ముందు కాంటాక్ట్‌లోకి వెళ్ళి కావలసినవాళ్ళ పేరుకు నక్షత్రం గుర్తు పెట్టాలి. తర్వాత డీఎన్‌డీలో కాల్స్ అన్నచోట నక్షత్రం ఉన్నవాళ్ళకే అనుమతి ఇవ్వాలి. కొన్ని ఫోన్లలో నక్షత్రం బదులు ఫేవరెట్స్ అని ఉంటుంది. ఐఫోన్‌లో ఇదంతా 2021 నుంచి ఫోకస్ అనే పేరు కింద ఉంది. రాత్రి పది నుంచి ఉదయం ఐదు దాకా అని టైమ్ ఒక్కసారి పెట్టేస్తే, రోజూ దానంతట అదే ఆన్ అయి ఆఫ్ అవుతుంది.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. డీఎన్‌డీ పెట్టి, మంచిదే కదా అని సైలెంట్ కూడా చేస్తారు. అప్పుడు కాపలావాడు అత్తగారి కాల్‌ను లోపలికి పంపుతాడు గానీ, రింగ్‌టోన్‌కు నోరుండదు. డీఎన్‌డీ పెట్టినప్పుడు రింగర్ సౌండ్ నిండుగా ఉంచాలి.

అపోహ: చెరువు ఉన్నవాడికి డీఎన్‌డీ పనికిరాదు.

ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు నుంచి వచ్చే రొయ్యల రైతులు అందరూ చెప్పే మాట ఇది. వాళ్ళ భయంలో అర్థం ఉంది. పగలు నీళ్ళలోని నాచు ఎండకు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే నాచు, రొయ్యతో పాటు దాన్ని వాడేసుకుంటుంది. అందుకే తెల్లవారుజాముకు డీవో, అంటే నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజన్, బాగా పడిపోతుంది. ఆ సమయంలో కరెంటు పోయి నీళ్ళకు గాలి అందించే ఏరేటర్లు ఆగితే పంట మొత్తం మీద దెబ్బ. దాంతో ఫోన్ ఫుల్ సౌండ్‌లో తలగడ పక్కన పెట్టుకుని పడుకుంటారు. గ్రూపులో ఎవరో రొయ్య రేటు పెట్టినా లేస్తారు, రీఛార్జ్ మెసేజ్‌కూ లేస్తారు. పదిసార్లు ఉత్తినే లేచినవాడు పదకొండోసారి బద్ధకించి అటు తిరిగి పడుకుంటాడు. నన్నడిగితే డీఎన్‌డీ అందరికన్నా ముందు కావలసింది వీళ్ళకే.

చెరువు మీద ఉండే కుర్రాడు, లైన్‌మన్, జనరేటర్ మెకానిక్ - వీళ్ళకు నక్షత్రం పెట్టండి. కరెంటు పోగానే ఫోన్ చేసే మొబైల్ స్టార్టర్ ఉంటే, దాంట్లో వేసిన సిమ్ నంబరును 'చెరువు' అని సేవ్ చేసి దానికీ పెట్టండి. ఈ సిమ్ సంగతే చాలామందికి తట్టదు. 'మళ్ళీ చేసినవాళ్ళు' అనే అనుమతి కూడా ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే, ఒకే నంబరు నుంచి ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాల్లోపు, ఐఫోన్‌లో 3 నిమిషాల్లోపు రెండోసారి వచ్చిన కాల్ మోగుతుంది. రోడ్డు మీద ఏదైనా జరిగి ఎవరో తెలియనివాళ్ళు మనకు ఫోన్ చేస్తే అక్కరకొచ్చేది ఇదే. స్టార్టర్ విషయంలో మాత్రం దీన్ని నమ్ముకోకండి, అది ఒక్కసారే చేసి ఊరుకునే రకం అయితే అంతే సంగతులు.

అపోహ: అవతలివాళ్ళకు స్విచ్ఛాఫ్ అని వస్తుంది.

రాదు. ఆండ్రాయిడ్‌లో అయితే వాళ్ళకు మామూలుగానే రింగవుతుంది, మీకు మిస్డ్ కాల్ పడుతుంది. స్విచ్ఛాఫ్ అనో, కవరేజీలో లేరనో వచ్చేది ఫ్లైట్ మోడ్‌లో పెడితే.

అపోహ: డీఎన్‌డీలో అలారం మోగదు.

మామూలు డీఎన్‌డీలో మోగుతుంది. అలారాలకు అనుమతి తీసేసినా, కొన్ని ఫోన్లలో ఉండే 'పూర్తి నిశ్శబ్దం' పెట్టినా మోగదు. ఇది నేను అనుభవించి చెబుతున్న మాట. రావులపాలెంలో మా పెదనాన్నగారి అబ్బాయి పెళ్ళి, ముహూర్తం తెల్లవారుజామున నాలుగింటికి. షాపులో ఎవరి ఫోన్‌లోనో ఆ ఆప్షన్ చూపిస్తూ నా దాంట్లోనూ పెట్టి మర్చిపోయాను. లేచేసరికి ఆరున్నర. ఊరందరి ఫోన్లూ సరిచేసేవాడు టిఫిన్ల వేళకు దిగాడని ఇప్పటికీ ఆడిపోసుకుంటారు.

అపోహ: 1909కి మెసేజ్ పెట్టాను, ఇక రాత్రి ఫోన్ మోగదు.

పేరు ఒకటే గానీ ఆ డీఎన్‌డీ వేరు. 1909 అనేది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల కింద ప్రకటనల కాల్స్, మెసేజ్‌లు వద్దని చెప్పుకోవడానికి. దానికీ ఫోన్ సౌండ్‌కూ సంబంధం లేదు. 140తో మొదలయ్యేవి అమ్మకాల కాల్స్, 1600తో మొదలయ్యేవి బ్యాంకు, బీమా లాంటి వాటి సేవల కాల్స్. మామూలు పది అంకెల నంబరు నుంచి అమ్మకాల కాల్ వస్తే అదే 1909కి ఫిర్యాదు చేయవచ్చు.

అపోహ: ఒకసారి పెట్టేశాక ముట్టుకోనక్కర్లేదు.

తుపాను రోజుల్లో ముట్టుకోవాలి. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. అలాంటి రాత్రుల్లో హెచ్చరిక మామూలు మెసేజ్‌గా వస్తే డీఎన్‌డీ దాన్నీ నోరెత్తనివ్వదు. ఆ రెండు రోజులూ ఆఫ్ చేసుకోండి.

మళ్ళీ కువైట్ అబ్బాయి దగ్గరికి వద్దాం. అతను చేసేది మామూలు కాల్ కాదు, వాట్సాప్ కాల్. డీఎన్‌డీలో యాప్‌లకు విడిగా అనుమతి ఇచ్చే చోటు ఉంటుంది, వాట్సాప్‌ను అందులో చేర్చాలి. చేర్చాక గ్రూపులన్నీ మ్యూట్ చేయకపోతే అర్ధరాత్రి గుడ్ మార్నింగ్‌లు కూడా మోగుతాయి. ఆవిడ ఫోన్‌లో ఇరవై ఏడు గ్రూపులున్నాయి. ఒక్కొక్కటీ మ్యూట్ చేస్తుంటే, "ఆ భజన గ్రూపు మాత్రం ఉంచు బాబూ" అన్నారు. సరేనని దాన్ని వదిలేసి, డీఎన్‌డీ ఆన్ చేసి, అక్కడే నిలబడి వాళ్ళబ్బాయికి మెసేజ్ పెట్టి ఫోన్ చేయించాను. మోగింది.