క్రోమియం నీళ్లు, బ్యాక్టీరియా: అపోహలు - వాస్తవాలు

తోళ్లను శుద్ధి చేసే టానరీలు, లోహాలకు పూత వేసే ఎలక్ట్రోప్లేటింగ్ యూనిట్లు ఉన్న ఏ ఊళ్లో నీటి శుద్ధి గురించి మాట్లాడినా, "క్రోమియంను తినేసే బ్యాక్టీరియా ఉందట కదా సార్, అది వేస్తే సరిపోదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. నా పని ఆ బ్యాక్టీరియాతోనే. దాని మీద నాకు గట్టి నమ్మకం ఉంది. అందుకే దాని పేరు చెప్పి చెలామణీ అవుతున్న తప్పుడు మాటలు వింటే బాధేస్తుంది. వాటిని నమ్మినవాళ్ల డబ్బు పోతుంది, దిగువ ఊళ్లలో బోర్లు పాడవుతాయి, చివరికి మంచి పద్ధతికే చెడ్డపేరు వస్తుంది.

అపోహ: బ్యాక్టీరియా క్రోమియంను తినేస్తుంది, ఇక అది ఉండదు.

క్రోమియం ఒక మూలకం. దాన్ని మాయం చేయడం ఏ జీవి వల్లా కాదు. బ్యాక్టీరియా చేసేది దాని రూపం మార్చడం. విషపూరితమైన క్రోమియం-6 నీళ్లలో క్రోమేట్‌గా తేలిగ్గా కరిగి ఉంటుంది. అది చూడటానికి సల్ఫేట్‌లా ఉండటంతో, కణం సల్ఫేట్ కోసం పెట్టుకున్న దారిలోనే లోపలికి దూరి డీఎన్ఏను దెబ్బతీస్తుంది. మన కణాల్లో జరిగేదీ, బ్యాక్టీరియా కణాల్లో జరిగేదీ ఇదే. అయితే కొన్ని బ్యాక్టీరియాలు తమ ఎంజైములతో దానికి ఎలక్ట్రాన్లు అందించి క్రోమియం-3గా మార్చేస్తాయి. ఈ రూపం కణపొరను అంత సులువుగా దాటలేదు. నీటి ఆమ్ల, క్షార స్థాయిని చెప్పే పీహెచ్ 7 నుంచి 9 మధ్య ఉంటే హైడ్రాక్సైడ్‌గా గడ్డకట్టి అడుగుకు దిగుతుంది.

అంటే నీళ్లలో ఉన్న క్రోమియం ఇప్పుడు బురదలో ఉంది. ఆ బురదను తీసి, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపితేనే పని పూర్తయినట్టు. నన్ను అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఈ చివరి అడుగే, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. బురదను సున్నంతో కలిపి గాలి తగిలేలా ఎక్కువ వేడిలో కాలిస్తే క్రోమియం-3 మళ్లీ క్రోమియం-6 అవుతుంది. క్రోమైట్ ఖనిజం నుంచి ఫ్యాక్టరీల్లో క్రోమేట్ తయారుచేసేదీ దాదాపు ఇలాగే. కాల్చకుండా పొలం గట్టున పోసినా, మట్టిలోని మాంగనీస్ డయాక్సైడ్ ఆ పనే నెమ్మదిగా చేయగలదు.

అపోహ: ప్యాకెట్ పొడి కొని బోరులోనో చెరువులోనో చల్లితే చాలు.

క్రోమేట్‌ను మార్చే బ్యాక్టీరియా అరుదైనదేమీ కాదు. 1977లోనే సోవియట్ శాస్త్రవేత్తలు రొమానెంకో, కొరెన్‌కోవ్ అలాంటి సూడోమోనాస్ రకం గురించి ప్రచురించారు. తర్వాత బాసిల్లస్, షివనెల్లా, ఆర్త్రోబ్యాక్టర్ లాంటివి ఎన్నో బయటపడ్డాయి. కలుషితమైన మట్టిలోనే క్రోమియంకు అలవాటుపడ్డ రకాలు ఉంటాయి. వాటికి లేనిది తిండి. ఎలక్ట్రాన్లు ఇవ్వాలంటే మొలాసిస్ (చెరకు మడ్డి), లాక్టేట్, ఆల్కహాల్ లాంటి కార్బన్ ఆహారం ఉండాలి. ఆహారం లేకుండా బయటి బ్యాక్టీరియాను తెచ్చి పోస్తే అది కొన్నాళ్లకే చచ్చిపోతుంది.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ అమెరికాలో కాలిఫోర్నియాలోని హింక్లీ. అక్కడి పీజీ అండ్ ఈ కంపెనీ గ్యాస్ కంప్రెసర్ స్టేషన్‌లో 1952 నుంచి 1966 వరకు కూలింగ్ టవర్లు తుప్పు పట్టకుండా క్రోమియం-6 వాడి, ఆ నీళ్లను అడుగున లైనింగ్ లేని గుంటల్లోకి వదిలారు. అది భూగర్భ జలంలోకి ఇంకింది. 1996లో ఆ ఊరివాళ్లకు 33.3 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. శుద్ధి కోసం కంపెనీ ఎంచుకున్న ముఖ్యమైన మార్గం బావుల ద్వారా భూమిలోకి ఇథనాల్ పంపడం. దాన్ని తిని అక్కడి బ్యాక్టీరియాలే పెరిగి, ఆక్సిజన్‌ను వాడేసి, క్రోమియం-6ను అక్కడికక్కడే క్రోమియం-3గా మారుస్తాయి. ఇంకో పక్క కలుషిత నీటిని పైకి తోడి పశుగ్రాసం పొలాలకు డ్రిప్‌తో పెట్టారు. వేళ్ల చుట్టూ ఉన్న మట్టి, అందులోని సూక్ష్మజీవులు క్రోమియంను మార్చి పట్టి ఉంచుతాయి. ఇది నాకు చాలా ఇష్టమైన పద్ధతి. అయినా అక్కడి శుద్ధి ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. నెలలో తేల్చేస్తామనే ప్రకటన కనిపిస్తే దూరంగా ఉండండి.

అపోహ: సహజ పద్ధతి కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు.

ఉంటాయి. ఆక్సిజన్ తగ్గిన నేలలో మాంగనీస్, ఇనుము, కొన్నిచోట్ల ఆర్సెనిక్ కూడా మట్టి నుంచి నీళ్లలోకి కరుగుతాయి. హింక్లీలోనూ వీటి మీద నిఘా పెట్టాల్సి వచ్చింది. క్రోమియం ఒక్కటే కొలిచే ప్రాజెక్టు రిపోర్టు సగం రిపోర్టే.

అపోహ: క్రోమియం ఎంతున్నా బ్యాక్టీరియా చూసుకుంటుంది.

ప్లేటింగ్ తొట్టిలోని చిక్కటి నీళ్లను బ్యాక్టీరియాకు అప్పగించకండి. దానికి సోడియం మెటాబైసల్ఫైటో ఫెర్రస్ సల్ఫేటో లాంటి రసాయనం వాడి క్రోమియం-6ను క్రోమియం-3గా మార్చడం మేలు. మెటాబైసల్ఫైట్ అయితే ముందు పీహెచ్ 2-3కి దించాలి, ఆ తర్వాత సున్నంతో పైకి తేవాలి. ఇది పాత పద్ధతే, నమ్మదగ్గది కూడా. బ్యాక్టీరియా బలం వేరేచోట ఉంది: పల్చగా, విశాలంగా పరుచుకున్న కాలుష్యంలో, ముఖ్యంగా భూగర్భ జలంలో.

తమిళనాడు రాణిపేటలో 1990ల మధ్యలో మూతపడ్డ క్రోమేట్ ఫ్యాక్టరీ వదిలేసిన వ్యర్థాల గుట్ట లక్షన్నర టన్నులకు పైమాటే. మన కుప్పం మీదుగా వెళ్లే పాలారు నది ఒడ్డున ఉన్న పట్టణం అది. ఇలాంటి వ్యర్థంలో క్షారం చాలా ఎక్కువ, పీహెచ్ 11-12 కూడా ఉంటుంది. మామూలు బ్యాక్టీరియా అక్కడ బతకదు. పైగా వాన పడ్డప్పుడల్లా గుట్టలోంచి కొత్తగా క్రోమేట్ కారుతుంది. ముందు గుట్టను కట్టడి చేయాలి, ఆ తర్వాతే కింది నీళ్ల సంగతి.

అపోహ: టానరీ నీళ్లలో ఉండేదంతా క్రోమియం-6.

తోళ్లకు పట్టించే బేసిక్ క్రోమియం సల్ఫేట్‌లో ఉండేది క్రోమియం-3. పాత పద్ధతిలో తోలు పీల్చుకోని క్రోమియం దాదాపు మూడో వంతు నీళ్లలోకి పోతుంది. అక్కడ రూపం మార్చే బ్యాక్టీరియాతో పెద్దగా పనిలేదు. మెగ్నీషియం ఆక్సైడ్‌తో క్రోమియంను అడుగుకు దించి, ఆమ్లంలో కరిగించి మళ్లీ వాడుకోవచ్చు.

అపోహ: నీళ్లు తేటగా ఉంటే క్రోమియం లేనట్టే.

తాగునీటిలో క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మించకూడదని మన బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం. ఆ స్థాయికి కొన్ని రెట్లు ఉన్నా కంటికి పసుపు రంగు కనిపించదు. కాచినా పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. డైఫినైల్ కార్బజైడ్‌తో వచ్చే ఊదా రంగు పరీక్ష క్రోమియం-6ను మాత్రమే చూపిస్తుంది. అందుకే శుద్ధి తర్వాత ఆ రంగు రాలేదని సంబరపడకుండా, మొత్తం క్రోమియం ఎంతో కూడా ల్యాబ్‌లో అడగండి. మీ బోరు మీద అనుమానం ఉంటే రెండు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు పట్టండి. మొత్తం క్రోమియం సీసాలో ల్యాబ్ వాళ్లు నైట్రిక్ యాసిడ్ వేస్తారు. క్రోమియం-6 సీసాలో మాత్రం యాసిడ్ వేయనివ్వకండి, వేస్తే అది క్రోమియం-3గా మారి రిపోర్టులో తక్కువ చూపిస్తుంది. దాన్ని ఐస్‌లో పెట్టి 24 గంటల్లోపు పరీక్ష జరిగేలా చూడండి.