మిత్రలాభం పెద్దయ్యాక మళ్లీ చదివేవాళ్లకు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పెద్దవాళ్లతో చిన్నయసూరి నీతిచంద్రికలోని మొదటి భాగమైన మిత్రలాభం (పంచతంత్ర కథల తెలుగు వచనం) చదివించే మాకు తరచూ వినిపించే మాటలివి.

అపోహ: కాకి, ఎలుక, తాబేలు, జింక ఉన్నాయంటే పిల్లల పుస్తకమే.

వాస్తవం: రాజకుమారులకు లోకవ్యవహారం నేర్పడానికి విష్ణుశర్మ చెప్పినట్టుగా అల్లిన కథలివి. మన నెల్లూరు సీమలోనే దూబగుంట నారాయణకవి 15వ శతాబ్దంలో పంచతంత్రాన్ని పద్యకావ్యంగా రాసి ఉదయగిరి పాలకుడికి అంకితమిచ్చారు. ఏలికకు అంకితమివ్వదగ్గ పుస్తకమన్నమాట.

అపోహ: ఇందులో నీతి ‘ఐకమత్యమే బలం’.

వాస్తవం: పావురాలు వలతో సహా ఎగిరిపోవడం ఆరంభం మాత్రమే. అసలు బలం ఆ తర్వాత ఉంది. కాకి స్నేహం కోరి వస్తే ఎలుక హిరణ్యకుడు వెంటనే ఒప్పుకోడు. తినేవాడికీ తిండికీ పొత్తు ఎలా కుదురుతుందని కలుగులోంచే వాదిస్తాడు. ఈ సంభాషణను రెండుసార్లు చదవాలి. తర్వాత ఇదే ఎలుక తన పాత కథ చెబుతుంది: కూడబెట్టింది సన్యాసి తవ్వుకుపోగానే ఎగిరి దూకే సత్తువ పోయింది, చుట్టూ ఉన్నవాళ్లూ పోయారు. సంసారం ఈదినవాళ్లకు పుస్తకం కొత్తగా తెరుచుకునేది ఇక్కడే. పిల్లిని నమ్మి చెట్టు తొర్రలో చోటిచ్చిన ముసలి గద్ద ప్రాణం పోగొట్టుకునేదీ మిత్రలాభంలోనే. నమ్మకాన్ని ఎలా తూచాలో చెప్పే పుస్తకమిది.

అపోహ: చిన్నయసూరి భాష కొరుకుడు పడదు.

వాస్తవం: 1853 నాటి నీతిచంద్రికలో ఎక్కువగా అడ్డుపడేది పదాలు కాదు, సంధులు. ‘వోయి’, ‘బోయి’ అని కనబడితే రెండూ ‘పోయి’నే. ‘సెప్పి’, ‘జెప్పి’ అంటే ‘చెప్పి’. శబ్దరత్నాకరం నిఘంటువులో ‘గని’ దొరక్కపోతే ‘కని’ చూడండి. అరసున్న పలకనక్కర్లేదు. పైకి చదవండి, వాక్యం చివర క్రియ ముందు పట్టుకుని, ఆ పని ఎవరిదో తర్వాత వెతకండి. పూటకు రెండు పేజీలు చాలు. మొదటి పేజీలోనే తెలియని మాటలన్నీ రాసుకోవడం మొదలుపెట్టినవాళ్లు మూడో పేజీ దాకా రారు.

అపోహ: ఏ ప్రతి అయినా ఒకటే.

వాస్తవం: బొమ్మల సంక్షిప్త ప్రతుల్లో పిట్టకథలు తీసేస్తుంటారు. కొనేముందు ఎలుక ధనం పోయిన కథ, గద్ద-పిల్లి కథ ఉన్నాయో లేదో చూడండి. పంచతంత్రంలో మిత్రభేదం అనే భాగం ముందు వస్తుంది. నీతిచంద్రికలో, సంస్కృత కథల పుస్తకం హితోపదేశంలో లాగే, మిత్రలాభం ముందుంటుంది, అచ్చుతప్పు అనుకుని పుస్తకం వెనక్కి ఇచ్చేయకండి.