గుడ్ల కోళ్లకు యాంటీబయాటిక్ ఎక్కువైతే: షెడ్లలో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో లేయర్ (గుడ్ల కోళ్ల) ఫారాలకు వైద్యం చేస్తుంటాను. భోగాపురం వెళ్లినా, రణస్థలం వెళ్లినా ఒకటే మాట: "ఒక చెంచా ఎక్కువేస్తే ఏటవుద్ది బాబూ, రోగం బేగి పోద్ది కదా!" పోదండి. మందు మేలు చేసేది దాని మోతాదు వరకే, ఆపైన పడిందంతా కోడి లివరు, కిడ్నీలు మోయాలి.

అపోహ: లీటరుకి ఇంత అని చీటీలో ఉన్నట్టే కలిపాను, ఓవర్‌డోస్ ఎలా అవుద్ది?

అవుతుంది, అదీ మే నెలలోనే ఎక్కువ. మామూలు రోజుల్లో గుడ్ల కోడి సుమారు పావు లీటరు నీళ్లు తాగుతుంది, ఎండలు ముదిరితే అర లీటరు దాకా లాగేస్తుంది, అంటే చలికాలంలో కలిపినట్టే కలిపినా కోడి కడుపులోకి రెట్టింపు మందు పోతుంది. దానిమీద గట్టిగా పనిచేయాలని మనం ఇంకో రెట్టు పొడి ట్యాంకులో పోస్తే నాలుగింతలు. కిందటి వేసవిలో ఒక రైతు సల్ఫా మందు (ఇదీ యాంటీబయాటిక్ రకమే) చేతి అంచనాతో పోసి, మూడు రోజుల కోర్సుని వారం సాగదీశాడు. చచ్చిన కోడిని కోసి చూస్తే కిడ్నీలు ఉబ్బిపోయి, సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి, తొడ కండ మీద ఎర్రటి రక్తపు మచ్చలు. సల్ఫా ఎక్కువైతే విటమిన్ కె పనికి అడ్డం పడుతుంది, రక్తం గడ్డకట్టదు. పెంకు కూడా సరిగ్గా కట్టదు. ఆ షెడ్డులో ట్రేకి నాలుగైదు తోలుగుడ్లు (గట్టి పెంకు లేనివి), నేను చేత్తో తీస్తుంటేనే నొక్కుకుపోయాయి. నాకు నిజంగా బాధేసింది, ఆ కోళ్లకి వచ్చిన అసలు రోగం చాలా చిన్నది.

అపోహ: టెట్రాసైక్లిన్ పనిచేయట్లేదు, డోసు పెంచాలి.

లేయర్ మేతలో కాల్షియం బాగా ఉంటుంది కదా, అది ఈ మందుని పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వదు. డోసు పెంచేముందు మందు మార్చాలా అని డాక్టర్ని అడగండి.

ఇంకో సంగతి, కొక్కెర తెగులు (రాణిఖేత్) వైరస్ వల్ల వస్తుంది, దానికి యాంటీబయాటిక్ ఎంత పోసినా దండగే. టీకా ఒక్కటే దారి.

అపోహ: గుడ్డు ఉడకబెడితే మందు పోద్ది.

చాలా మందులు ఉడికించినా పూర్తిగా పోవు. పచ్చసొన పెరగడానికి దాదాపు పది రోజులు పడుతుంది, ఆ రోజుల్లో కోడి తిన్న మందు అందులో చేరుతుంది, అందుకే మందు ఆపిన మర్నాడే గుడ్లు బండెక్కించకూడదు. లేబుల్ మీద ఎన్ని రోజులు ఆగమని ఉందో అన్ని రోజులూ ఆగాలి, గుడ్లు పెట్టే కోళ్లకి వాడొద్దని ఉంటే అసలు ముట్టుకోవద్దు. మన గుడ్డు అంగన్‌వాడీ పిల్లల పళ్లెంలోకి కూడా పోతుందండి. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని మన దేశంలో 2019లోనే ఆహారం కోసం పెంచే జంతువులకి, కోళ్లకి నిషేధించారు, మనుషులకి వేరే ఏ మందూ పనిచేయనప్పుడు వాడే చివరి మందుల్లో అదొకటి. పాత డబ్బా ఏదైనా అటకమీద మిగిలుంటే వాడకండి.

కాటా కొనుక్కోండి, చెంచా పక్కన పెట్టండి. మందు కలిపే ముందురోజు ట్యాంకులో ఎన్ని నీళ్లు ఖర్చయ్యాయో రాసుకోండి, కోళ్ల బరువు కూడా చెప్పండి, ఆ లెక్క మీదే మందు ఎంతో మేం చెబుతాం. కోడి చచ్చిపోతే గోతిలో పడేయకుండా దగ్గర్లోని పశువుల ఆసుపత్రికో, గరివిడి పశువైద్య కళాశాలకో తీసుకెళ్లి చూపించండి, మందుల షాపుకి వెళ్లేది ఆ తర్వాతే.