ఫోటో దిగాక మొదలయ్యే పని

చిరంజీవులు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

నానమ్మ మోకాళ్ల నొప్పులు తప్ప ఇక్కడ అంతా క్షేమం. మీ స్కూల్లో లియో క్లబ్, అంటే మా లయన్స్ క్లబ్ వాళ్ల పిల్లల విభాగం, పెడుతున్నారనీ, చేరాలా వద్దా అని ఇంట్లో పెద్ద చర్చ జరుగుతోందనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. "తాతయ్య వాళ్ల లయన్స్ క్లబ్బులో శాలువాలు కప్పుకుని ఫోటోలు దిగడం తప్ప ఏం చేస్తారు?" అని పెద్దాడు అడిగాడట. అడగాల్సిన ప్రశ్నే. ఫోన్‌లో చెప్పబోతే సగంలో మీకు ట్యూషన్ టైమ్ అయిపోతుంది. అందుకే ఉత్తరం.

ఫోటోల మాట నిజం. మేం పదిమందికి దుప్పట్లు పంచితే ఫోటోలో పదిహేను మంది ఉంటాం. ఒక దుప్పటికి ఆరు చేతులు. జిల్లా ఎడిషన్‌లో ఎవరి మొహం తెగిపోయిందో వాళ్లు రెండు రోజులు అలుగుతారు. నాకూ చిరాకే. అయితే డబ్బిచ్చిన దాతకి అది ఎక్కడ ఖర్చయిందో కనబడాలి కదా, ఆ లెక్కన ఒక్క ఫోటో వరకు నేను ఒప్పుకుంటాను. అసలు పని ఫోటో దిగాక మొదలవుతుంది. అది పేపర్లో రాదు, మీ దాకా చేరదు.

ముందు ఈ క్లబ్ ఎక్కడ పుట్టిందో రెండు ముక్కల్లో చెబుతాను. అమెరికాలో చికాగో నగరంలో మెల్విన్ జోన్స్ అని ఇన్సూరెన్స్ వ్యాపారి ఒకాయన ఉండేవాడు. అక్కడి వ్యాపారులంతా మధ్యాహ్నం కలిసి భోంచేస్తూ ఒకరికొకరు బేరాలు చూసిపెట్టుకునేవారు. ఇంతమంది తెలివైనవాళ్లం, ఊరి కోసం కూడా ఏదైనా చేయొచ్చు కదా అన్నది ఆయన ఆలోచన. అలా అలాంటి క్లబ్బులన్నిటినీ కలిపి 1917లో ఈ సంస్థ మొదలైంది. 1925లో ఒక సభకి హెలెన్ కెల్లర్ వచ్చింది. మీ పాఠంలో చదివే ఉంటారు, పంతొమ్మిది నెలల వయసులో చూపూ వినికిడీ రెండూ పోయిన ఆవిడ. చూపులేని వాళ్ల తరఫున చీకటి మీద పోరాడండి అని వాళ్లని కోరింది. ఇవాళ్టికీ లయన్స్ అనగానే కంటి ఆసుపత్రీ కంటి శిబిరమూ గుర్తొస్తాయంటే ఆ మాట చలవే. మన దేశానికి 1956లో వచ్చింది. మీలాంటి పిల్లల లియో క్లబ్బులు 1957లో అమెరికాలోనే ఒక హైస్కూల్లో మొదలయ్యాయి. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. 1987 దాకా ఆడవాళ్లని సభ్యులుగా చేర్చుకునేవారు కాదు. హెలెన్ కెల్లర్ చూపిన దారిలో నడుస్తూనే అరవై ఏళ్లపాటు ఆవిడలాంటి వాళ్లని గుమ్మం బయటే నిలబెట్టారన్నమాట. చిన్నదీ, ఈ సంగతి మీ క్లబ్ మొదటి మీటింగ్‌లో నువ్వే చెప్పు.

ఇక మన ఊరి కంటి శిబిరం. పైకి కనబడేది ఒక్క ఆదివారం. స్కూలు వరండాలో బల్లలు, గోడకి అక్షరాల చార్టు, బయట షామియానా. అంతకు ముందే మైకు కట్టిన ఆటో చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగొస్తుంది. వచ్చినవాళ్లకి ముందు చీటీ రాస్తాం. తర్వాత చూపు పరీక్ష, బీపీ, షుగర్, ఆపైన డాక్టరు టార్చి వేసి చూడటం. శుక్లం ముదిరిందని తేలినవాళ్లని బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకెళతాం. మా కుర్రతనంలో ఆపరేషన్లు కూడా స్కూలు గదుల్లోనే అయిపోయేవి. మసకబారిన లెన్సు తీసేసేవారు గానీ దాని స్థానంలో ఏమీ పెట్టేవారు కాదు. అందుకే ఆ రోజుల్లో ముసలివాళ్లకి ఆ సోడాబుడ్డి కళ్లద్దాలు. ఇప్పుడు లోపలే కృత్రిమ లెన్సు వేస్తున్నారు. బయట చేసిన ఆపరేషన్లలో కళ్లు చీముపట్టి ఉన్న చూపు కూడా పోయిన ఘోరాలు దేశంలో కొన్ని జరిగాక, శిబిరంలో పరీక్ష వరకే, ఆపరేషన్ ఆసుపత్రిలోనే అన్న పద్ధతి గట్టిపడింది. చాలా మంచి పద్ధతి.

ఆదివారం సాయంత్రం షామియానా విప్పేస్తారు. మర్నాడు పేపర్లో ఫోటో వస్తుంది. అప్పుడు మా చేతిలో మిగిలేది ఒక లిస్టు. షుగర్ ఎక్కువుందని, తగ్గాక రమ్మని డాక్టరు వెనక్కి పంపినవాళ్ల పేర్లు అందులో ఉంటాయి. వాళ్లంతట వాళ్లు మళ్లీ రారు. "ఆ రోజు వద్దన్నారు కదా బాబూ" అని ఊరుకుంటారు. ఎవరో ఒకరు వెళ్లి, షుగర్ మాత్రలు వేసుకుంటున్నారా అని చూసి, మళ్లీ పరీక్ష చేయించి, తర్వాతి బస్సెక్కించాలి. ఆడవాళ్లది మరీ కష్టం. పత్తి తీతలు అయ్యాక వస్తానంటుంది ఒకావిడ. మనవరాలి పురుడు అయ్యాక అంటుంది ఇంకొకావిడ. నేను లేకపోతే ఇంట్లో వంటెవరు చేస్తారు అంటుంది మరొకావిడ. వీళ్ల దగ్గర డాక్టరు మాట పనిచేయదు, పక్కింటావిడ మాట పనిచేస్తుంది. కాబట్టి ఆపరేషన్ చేయించుకుని వచ్చిన పక్కింటావిడని వెంటబెట్టుకుని వెళతాం.

ఆపరేషన్ అయ్యాక కూడా పని ఉంటుంది. నెల పైచిలుకు కంట్లో చుక్కలు వేయాలి. మొదట్లో రోజుకి ఎక్కువసార్లు, తర్వాత తగ్గించుకుంటూ రావాలి. తలస్నానం వద్దు, కన్ను నలపొద్దు, పొయ్యి పొగ దగ్గర కూర్చోవద్దు. కొడుకులు వలస పోయిన ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలమ్మకి ఆ చుక్కలు ఎవరు వేస్తారు? చేతులు వణుకుతుంటే సగం బుగ్గ మీదే పడతాయి. వీధిలో చదువుకునే పిల్ల ఎవరైనా ఉందేమో చూసి అప్పజెబుతాం. చెప్పిన తేదీకి మళ్లీ చూపించుకోవడానికి తీసుకెళ్లాలి. అన్నీ బాగా జరిగాక రెండో కన్ను సంగతి వస్తుంది. "ఒకటి కనబడుతోందిగా, నాకిది చాల్లే నాయనా" అంటారు. మళ్లీ మొదటికొస్తాం.

కన్నుతోనే ముడిపడిన ఇంకో పని నేత్రదానం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన వాళ్లలో చదువుకున్నవాళ్లకి కూడా ఇది సరిగ్గా తెలియదు. కన్నంతా తీసి కన్నంతా పెట్టడం అని అనుకుంటారు. అమర్చేది కార్నియా మాత్రమే. వాచీ మీద అద్దంలా నల్లగుడ్డు ముందు ఉండే పల్చటి పారదర్శకమైన పొర. దెబ్బ తగిలో పుండు పడో అది తెల్లబడిపోయినవాళ్లకి, వెనకాల కన్ను బాగున్నా ఏమీ కనబడదు. ఆ పొర మారిస్తే కనబడుతుంది. అందులో రక్తనాళాలు ఉండవు కాబట్టి రక్తం గ్రూపు కలవాల్సిన పని కూడా లేదు. కళ్లద్దాలున్నా, శుక్లం ఆపరేషన్ అయినా, షుగర్ ఉన్నా ఇవ్వొచ్చు. రేబిస్, హెచ్ఐవీ, హెపటైటిస్ లాంటివి ఉంటే తీసుకోరు. హైదరాబాద్‌లో సినిమా దర్శకుడు ఎల్.వి.ప్రసాద్ కుటుంబం ఇచ్చిన విరాళంతో, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టిన కంటి ఆసుపత్రి ఉంది కదా, అక్కడ రామాయమ్మ పేరుతో నేత్రనిధి ఉంది. అలాంటి చోటికి చేరితే ఒకరి కళ్లు ఇద్దరికి పనికొస్తాయి.

చిక్కంతా సమయంతోనే. ప్రాణం పోయిన ఆరు గంటల లోపు తీసుకోవాలి, ఎండాకాలమైతే ఇంకా తొందరగా. ఆ ఆరు గంటల్లోనే చుట్టాలు రావాలి, ఏడుపులు, శవవాహనం మాట్లాడుకోవడం, ఫ్రీజర్ బాక్సు కోసం ఫోన్లు. మా క్లబ్‌కి ఒక ఫ్రీజర్ బాక్సు ఉంది. దాని కోసం ఏ అర్ధరాత్రి ఫోన్ వచ్చినా మా సభ్యుడొకాయన, ఎలక్ట్రికల్ షాపు ఆయన, తాళం తీసి పంపిస్తాడు. ఆ ఫోన్‌లోనే ఆయన మెల్లగా అడుగుతాడు, కళ్లు ఇచ్చే ఆలోచన ఉందా అని. అడగడానికి గుండె ధైర్యం కావాలి. కొందరు తిడతారు. కొందరు మాత్రం "మా నాన్న ఎప్పుడో అనేవాడు" అంటారు. ఒప్పుకుంటే వెంటనే చెప్పే మాటలు ఇవి: కనురెప్పలు మూయండి, పైన తడి దూది పెట్టండి, ఫ్యాను ఆపేయండి, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తు చేయండి. టెక్నీషియన్ వచ్చి పని ముగించడానికి పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. మొహం ఏమీ మారదు.

అప్పుడే ఎవరో పెద్దాయన లేచి, కళ్లు తీస్తే వచ్చే జన్మలో గుడ్డివాడై పుడతాడు అంటాడు. నేను వాదించను. శిబి చక్రవర్తి కథ మీకూ తెలుసుగా అని మాత్రం అంటాను. ఒంటి మాంసం కోసిచ్చినవాడికి వచ్చే జన్మలో మాంసం తక్కువైందని మన పెద్దలెవరూ చెప్పలేదు. ఇంకోటి గుర్తుపెట్టుకోండి. బతికుండగా కార్డు మీద సంతకం పెట్టినంత మాత్రాన పని జరగదు, ఆ సమయానికి ఇంట్లోవాళ్లు సరే అనాలి. అందుకే నా సంగతి మీ నాన్నకి చెప్పి ఉంచాను. మీకూ ఇప్పుడు చెబుతున్నా. మొహాలు అలా పెట్టకండి, తొందరేం లేదు నాకు.

మన ఊళ్లో మాలాంటిదే ఇంకో సేవా క్లబ్, రోటరీ వాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకీ మాకూ చిన్న పోటీ, పైకి ఒప్పుకోం. పోలియో విషయంలో మాత్రం వాళ్లకి దణ్ణం పెట్టాల్సిందే. 1985లో ప్రపంచం మొత్తంలో పోలియో లేకుండా చేస్తామని పూనుకున్నారు. మన దేశంలో 1995 నుంచి పల్స్ పోలియో ఆదివారాలు వచ్చాయి. చుక్కలు వేసిన పిల్లల చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టేవారు. బూత్ దగ్గర ఫోటో ఆదివారం అయిపోయేది. సోమవారం నుంచి ఆరోగ్య కార్యకర్తలు, అంగన్‌వాడీ వాళ్లు, వాళ్ల వెంట క్లబ్ వాళ్లు ఇంటింటికీ తిరిగేవారు. పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటి తలుపు మీద సుద్దముక్కతో పీ అని, ఒక్క పిల్లాడు తప్పిపోయినా ఎక్స్ అని రాసేవారు. దేశాన్ని గట్టెక్కించింది ఆ ఎక్స్ తలుపులే. ఎక్స్ ఉన్న ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. పిల్లాడు అమ్మమ్మ ఊరెళ్లాడంటారు, నిద్రపోతున్నాడంటారు, మా వాడికి వద్దంటారు. 2009లో దేశంలో 741 పోలియో కేసులు. 2010లో 42. 2011లో ఒకే ఒక్కటి, జనవరి 13న, పశ్చిమ బెంగాల్ హౌరా జిల్లాలో. ఆ తర్వాత సహజంగా వ్యాపించే పోలియో వైరస్ కేసు మన దేశంలో లేదు. 2014 మార్చి 27న పోలియో లేని ప్రాంతమని సర్టిఫికెట్ వచ్చింది. మీ తరగతిలో కాలు చచ్చుబడిన పిల్లలు మీకు కనబడరు. మా తరగతిలో ఉండేవారు.

చలివేంద్రం కథా ఇంతే. ప్రారంభించే రోజు కుండలకి పసుపు కుంకుమ, పూలదండ, మజ్జిగ. పదో రోజు మధ్యాహ్నం వెళ్లి చూడండి, చాలాచోట్ల కుండ ఖాళీగా ఉంటుంది, గ్లాసుకి గొలుసు మాత్రం మిగులుతుంది. మేం పక్కవీధి పెద్దమ్మకి నెలకింతని ఇచ్చి కూర్చోబెడతాం. రోజూ కుండ కడగడం, నీళ్లు నింపడం ఆవిడ పని. ఆ జీతం తప్ప మిగతా ఖర్చంతా దండగే అని నా అభిప్రాయం.

జూన్‌లో నోటుబుక్కులు పంచడమంటే మాత్రం నాకు అంత ఇష్టం లేదు. అందరూ అవే పంచుతారు, అదే స్కూల్లో పంచుతారు. ముందు హెడ్‌మాస్టర్ని అడిగితే జామెట్రీ బాక్సులు కావాలనో, ఆడపిల్లల బాత్రూముకి తలుపు కావాలనో చెబుతారు. తలుపు ముందు నిలబడి ఫోటో బాగా రాదు, అదీ ఇబ్బంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, పెద్దాడికి అనుమానాలెక్కువ. మాకు రెండు ఖాతాలు ఉంటాయి. సభ్యుల చందాతో నడిచేది ఒకటి. మీటింగ్ హాలు, టీ, డిన్నర్ అన్నీ అందులోంచే. జనం దగ్గర వసూలు చేసింది రెండోది, దాన్ని సేవకి తప్ప ముట్టుకోకూడదు. టెయిల్ ట్విస్టర్ అని ఒక పదవి ఉంది. ఆలస్యంగా వచ్చినవాడికీ, బ్యాడ్జి మర్చిపోయినవాడికీ, మీటింగ్‌లో కునుకు తీసినవాడికీ జరిమానా వేయడం ఆయన ఉద్యోగం. పెద్దపెద్ద షాపుల యజమానులు పది రూపాయల ఫైన్ కోసం గంట వాదిస్తారు, చూడాలి మీరు.

ఇప్పుడు మీరు చేయగలిగింది. పద్దెనిమిది నిండితే గానీ రక్తం ఇవ్వలేరు, బరువు కూడా 45 కిలోలు ఉండాలి. కానీ రక్తదాతల లిస్టు చూసే పని మీరు మాకంటే బాగా చేస్తారు. మగవాళ్లు మూడు నెలలకొకసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకొకసారి ఇవ్వొచ్చు. ఎవరు చివరిసారి ఎప్పుడిచ్చారో ఎక్సెల్‌లో పెట్టుకుంటే, డెంగీ రోజుల్లో అర్ధరాత్రి ఫోన్ వచ్చినప్పుడు ముప్పైమందిని లేపక్కర్లేదు. వాట్సాప్‌లో "అర్జంట్‌గా ఓ నెగెటివ్ కావాలి" అని వస్తే ఫార్వర్డ్ కొట్టే ముందు ఆ నంబరుకి ఫోన్ చేయండి. సగం మెసేజ్‌లు ఎప్పుడో తీరిపోయిన అవసరాలవి. అక్కడ ఫోన్ ఎత్తేవాళ్లు విసిగిపోయి ఉంటారు.

దసరా సెలవులకి వస్తున్నారు కదా. వచ్చిన ఆదివారమే శిబిరం. చిన్నది చీటీలు రాయాలి. ఇంటిపేర్లు తప్పుల్లేకుండా తెలుగులో రాయడం ఇప్పటినుంచే ప్రాక్టీసు చెయ్యి, ఊరిపేరు కూడా పూర్తిగా రాయాలి, లేకపోతే తర్వాత మనిషి దొరకరు. పెద్దాడు మంగళవారం నాతో ఆసుపత్రి బస్సులో వస్తాడు, తర్వాత చుక్కల లిస్టు వాడి చేతికే. ఆరింటికల్లా తయారవ్వాలి. ఇడ్లీలు నేను పెట్టిస్తాను, క్లబ్ ఖాతాలోంచి కాదు.

ఇట్లు
మీ తాతయ్య