బొమ్మల బల్ల మీద మంచినీళ్ల గ్లాసు: అపోహలు – వాస్తవాలు

నేను చిత్రలేఖనం నేర్పే గది పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు ఉంటుంది. బొమ్మను నిలబెట్టే మూడు ఈజిళ్లు, ఒక బల్ల, రంగుల అర పోగా మిగిలిన చోటులోనే అందరి మంచినీళ్లూ, టీ కప్పులూ సర్దుకోవాలి. కొత్తగా చేరేవారిలో కొందరు తాగే గ్లాసునూ కుంచె కడిగే గ్లాసునూ పక్కపక్కనే పెట్టుకుని ధీమాగా కూర్చుంటారు. మరికొందరు రంగులన్నీ విషమేనని ఎక్కడో విని, మూడు గంటలపాటు గొంతు తడుపుకోకుండా పనిచేస్తారు. రెండో రకం వారి భయం పోగొట్టడం తేలికే కానీ, మొదటి రకం వారి ధీమాతోనే నాకు నిత్యం పోరు.

అపోహ: నా గ్లాసు ఏదో నాకు తెలియదా?

తెలుసు, కానీ మీ చేతికి తెలియదు. బొమ్మలో మునిగిపోయినప్పుడు కన్ను కాగితం వదిలి రాదు కనుక గ్లాసును వెతుక్కునే పని చేయి ఒక్కటే చేస్తుంది. దానికి పాత్ర ఆకారం తప్ప లోపలున్నదేమిటో తెలిసే దారి లేదు. ఒకసారి నేను ఒక వృద్ధుడి ముఖచిత్రంలో కనురెప్ప కింది నీడ దిద్దుతూ కుంచెను నేరుగా టీలో ముంచాను. ఆ సంగతి గమనించకుండానే పక్క గ్లాసు ఎత్తి ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. నాలుక మీద చల్లగా, కాస్త జిగటగా, తడిమట్టి రుచి తగిలాక గానీ అది బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగు కడిగిన నీళ్లని తెలియలేదు. అది ఇనుప ఆక్సైడు రంగు కనుక నోరు పుక్కిలించడంతో సరిపోయింది. ఇరవై ఏళ్లుగా కుంచె పట్టిన చేయి చేసిన పొరపాటు అది.

ఇదే పొరపాటు నూనె రంగులను పలచన చేసే టర్పెంటైన్‌తోనో థిన్నర్‌తోనో జరిగితే కథ వేరుగా ఉంటుంది. పెద్ద డబ్బా మోయలేక కొంచెం థిన్నర్‌ను తాగునీటి సీసాలో పోసి తెచ్చుకునే అలవాటు అన్నింటికంటే ప్రమాదకరమైనది. పైన చీటీ అంటించాం కదా అంటారు, కానీ దాహం వేసిన మనిషి చీటీ చదవడు. అది చూడటానికి నీళ్లలాగే ఉంటుంది, వాసన లేని రకమైతే ముక్కు కూడా హెచ్చరించదు. మా గదిలోనే ఒక విద్యార్థిని అలాంటి సీసా ఎత్తి నోట్లో పోసుకుంది. చాలావరకు ఉమ్మేసినా దగ్గు ఆగలేదు. పక్కనున్నవారు ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించబోతే గట్టిగా అడ్డుకోవలసి వచ్చింది. ఈ ద్రవాలు పొట్టలో చేసే హాని కంటే, వాంతిలోనో దగ్గులోనో ఊపిరితిత్తుల్లోకి జారి చేసే హాని చాలా ఎక్కువ కనుక, మింగినవారికి ఎట్టి పరిస్థితుల్లోనూ వాంతి చేయించకూడదు. ఆ ద్రవం ఉన్న డబ్బానో సీసానో వెంట పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరి ఇబ్బంది ఆలస్యంగా కూడా మొదలుకావచ్చు కనుక, ఆమెను వైద్యులు కొన్ని గంటలపాటు కనిపెట్టి ఉండి, తర్వాతే ఇంటికి పంపారు.

అందుకే మా గదిలో కుంచె కడిగే పాత్ర ఏదీ తాగే పాత్ర ఆకారంలో ఉండదు. పొట్టిగా, వెడల్పు మూతితో, పిడి లేని డబ్బాలు మాత్రమే వాడతాం. తాగే నీళ్లకు మరమూత ఉన్న సీసా వాడి, కుంచె పట్టని చేతి వైపు, బల్ల కంటే తక్కువ ఎత్తున్న విడి పీట మీద పెడతాం. మూత తిప్పాలంటే రెండు చేతులూ కావాలి, అందుకు కుంచె కింద పెట్టక తప్పదు, పెట్టిన క్షణంలో కన్ను తనంతట తానే సీసా వైపు తిరుగుతుంది. పైగా ఆ ఎత్తులో సీసా ఒరిగినా నీళ్లు నేల మీద పడతాయే తప్ప బొమ్మ మీద పడవు.

అపోహ: విషరహితమని ముద్ర ఉన్న రంగు నోట్లోకి పోయినా ఫరవాలేదు.

ఆ ముద్ర రంగును రంగుగా వాడినప్పటి సంగతి చెబుతుంది, తాగమని చెప్పదు. ట్యూబు మీద కనిపించే ఏఎస్‌టీఎం డి-4236 (చిత్రకళా సామగ్రి లేబుళ్లకు సంబంధించిన అమెరికా ప్రమాణం) అనే అక్షరాలను చాలామంది భద్రతకు హామీగా చదువుతారు. నిజానికి దీర్ఘకాలిక హాని ఏదైనా ఉంటే లేబులు మీద ఆ ప్రమాణం ప్రకారం హెచ్చరిక రాశారని మాత్రమే దాని అర్థం. ట్యూబు మీద రంగు పదార్థాన్ని తెలిపే సంకేతాలు కూడా ఉంటాయి: పీడబ్ల్యూ 1 అంటే సీసపు (లెడ్) తెలుపు, పీవై 34 అంటే సీసమున్న క్రోమ్ పసుపు. ఈ రెండు సంకేతాలూ గుర్తుంటే చాలు, తాగే సీసాను వాటి దరిదాపులకు రానివ్వరు. కుంచె మొనను పెదవులతో సన్నం చేసే అలవాటు ఉన్నవారికి మాత్రం ఒక సంగతి చెబుతాను. గత శతాబ్దపు తొలి దశకాల్లో అమెరికాలో గడియారాల అంకెలకు రేడియం రంగు వేసిన అమ్మాయిలకు కుంచెను అలాగే సన్నం చేయమని నేర్పారు, అది హానికరం కాదని నమ్మించారు. వారిలో ఎందరికో దవడ ఎముకలు కుళ్లిపోయాయి.

అపోహ: రంగు కడుపులోకి పోతే పాలు విరుగుడు.

కాదు. కొన్ని రంగుల్లో ఉండే సీసం, కాడ్మియం అనే విష లోహాలను పాలు బయటికి తోసేయవు. ఈ మాట ఇన్నేళ్లుగా ఎవరు ప్రచారం చేస్తున్నారో గానీ, వినీ వినీ విసుగొచ్చింది.

అపోహ: మూత ఒలకకుండా ఉండటానికే.

బొగ్గు పొడి, సుద్దముక్కల్లాంటి పాస్టెల్ రంగుల పొడి ముందుగా వాలేది తెరిచి ఉన్న కప్పులోనే. ఇక చల్లటి సీసా ఒంటికి పట్టే చెమ్మ ఒక్క చుక్క జారినా ఆరని వాష్‌లో (పలచని నీటిరంగు పూతలో) పువ్వులాంటి మరక లేస్తుంది, అందుకే దాని చుట్టూ ఒక గుడ్డ చుట్టాలి. కరెంటు ప్లగ్గుల పలక సీసా కింద ఉండకూడదని వేరే చెప్పాలా?

అపోహ: బొమ్మలు వేసే చోట అసలు నీళ్లే తాగకూడదు.

భయపడేవారికి ఇక్కడ సగం నిజం దొరుకుతుంది. విషరహిత వాటర్ కలర్ గానీ అక్రిలిక్ గానీ వాడే రోజున, చేతులు సబ్బుతో కడుక్కుని, మూత తీసి తాగి, మళ్లీ మూత బిగిస్తే చాలు. దాహం ఆపుకుని తలనొప్పి తెచ్చుకోవలసిన పని లేదు. థిన్నర్ తెరిచిన రోజున, సీసపు రంగు తీసిన రోజున, పాస్టెల్ లేదా పొడి రంగు పట్టిన రోజున మాత్రం మీ అనుమానమే సరైనది. ఆ రోజుల్లో మా గదిలోని సీసాలన్నీ గుమ్మం బయట బల్ల మీద వరుసగా ఉంటాయి. దాహం వేసినవారు చేతులు కడుక్కుని బయటికి వెళ్లి, నిలబడి తాగి వస్తారు.