బుజ్జికి గుండు చేయిస్తే వెంకటేశ్వరరావుకూ గుండే

డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక పాఠకురాలు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఈ నాలుగు వరుసలు పంపి, "తప్పు పైథాన్‌దా, నాదా?" అని అడిగారు.

మార్కులు = [72, 65, 80]
నకలు = మార్కులు
నకలు[0] = 35
మార్కులు

చివరి వరుసకు వచ్చిన జవాబు [35, 65, 80]. [0] అంటే జాబితాలో మొదటిది. నకలులో దాన్ని దిద్దితే అసలు మారిపోయింది!

(ఇవి ఇలా తెలుగులోనే కొట్టినా నడుస్తాయి. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి పేర్లకు మన అక్షరాలూ చెల్లుతాయి. అయితే "ఫోన్‌నంబర్" వంటి మాటలో పొల్లు పక్క అక్షరంతో కలవకుండా కీబోర్డు ఒక కనిపించని గుర్తు పెడుతుంది. దాన్ని మాత్రం పైథాన్ ఒప్పుకోదు. కంటికి కనిపించని తప్పు కోసం ఒక సాయంత్రమంతా వెతికాను.)

తప్పు ఆమెదీ కాదు, పైథాన్‌దీ కాదు. వేరియబుల్ అంటే డబ్బా, అందులో విలువ పోస్తాం అని నేర్పే పాఠానిది. సీ భాషకు ఆ పోలిక నప్పుతుంది. అక్కడ పూర్ణాంకానికి మెమరీలో సాధారణంగా 4 బైట్ల చోటు కేటాయిస్తారు, విలువ అందులోనే కూర్చుంటుంది. పైథాన్‌లో డబ్బాలు లేవు. వస్తువులున్నాయి, వాటిని పిలిచే పేర్లున్నాయి.

బడి హాజరు పట్టీలో వెంకటేశ్వరరావు, ఇంట్లో బుజ్జి. పిల్లవాడు ఒక్కడే. తిరుమల తీసుకెళ్లి బుజ్జికి గుండు చేయించారనుకోండి. సోమవారం బడికి వెంకటేశ్వరరావు జుట్టుతో వస్తాడా? "నకలు = మార్కులు" అన్నప్పుడు జరిగింది నకలు తీయడం కాదు, ముద్దుపేరు పెట్టడం. నిజంగా రెండో జాబితా కావాలంటే "నకలు = మార్కులు[:]" అని రాయాలి. అప్పుడు ఇద్దరు పిల్లలు, ఎవరి జుట్టు వారిది.

మరి అంకెలతో ఇలా జరగదేం? వయసు = 17, తరువాత కొత్తవయసు = వయసు, ఆపైన కొత్తవయసు = కొత్తవయసు + 1. ఇప్పుడు వయసు 17గానే ఉంది, కొత్తవయసు 18. ఎందుకంటే 17కు గుండు చేయించలేం. అది ఎప్పటికీ 17. కుడివైపు లెక్క ముందు పూర్తవుతుంది, 18 తయారవుతుంది, కొత్తవయసు అనే పేరు 17ను వదిలి 18ని పట్టుకుంటుంది. బడి పుస్తకాల్లో వేరియబుల్‌ను చరరాశి అంటారు. ఇక్కడ రాశి కదలలేదు, పేరే కదిలింది.

పేరులో ఒక అక్షరం పెంచితే జాతకం తిరుగుతుందని డబ్బులిచ్చి మరీ మార్చుకునేవారున్నారు. పైథాన్‌లో పెంచి చూడండి. వస్తువుకు చీమ కుట్టినట్టయినా ఉండదు, ఆ పేరు గలవారెవరూ లేరని మాత్రం తిట్టు వస్తుంది.

లోపల ఏముందో చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. మనం మామూలుగా వాడే 64 బిట్ల పైథాన్‌లో 17 అనే వస్తువు 28 బైట్లు తింటుంది. తనను ఎన్ని చోట్ల నుంచి పట్టుకున్నారన్న లెక్కకు 8, తాను ఏ రకమో చెప్పే చిరునామాకు 8, పరిమాణానికి 8, అసలు అంకెకు మిగిలిన 4. జాబితాలాంటి వస్తువును వదిలేసిన కొద్దీ మొదటి లెక్క తగ్గుతుంది. సున్నా అయిన క్షణాన ఆ చోటు ఖాళీ చేస్తారు. పిలిచే దిక్కు లేని వస్తువుకు మెమరీలో నిలువ నీడ ఉండదు.

జాబితా కడుపులోనూ అంకెలుండవు, 8 బైట్ల చిరునామాలే ఉంటాయి. అందుకే మూడు అడ్డు, మూడు నిలువు గళ్ల ఆట రాయబోయి చాలామంది ఇక్కడ బోల్తా పడతారు:

ఆట = [[0, 0, 0]] * 3
ఆట[0][0] = 1

పై వరుసలో ఒక గడి నింపితే మూడు వరుసల్లోనూ మొదటి గడిలో 1 కనిపిస్తుంది. వరుసలు మూడు లేవు మరి. బుజ్జినే మూడుసార్లు వరుసలో నిలబెట్టారు.